లివర్ క్యాన్సర్, హెపటైటిస్ బి, జీన్ రిపోర్టు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

“జీన్ టెస్ట్ చేయిస్తే నాన్న ఎన్నాళ్లుంటారో తెలిసిపోతుందట కదా మేడం?” మా పాథాలజీ కౌంటర్‌కి బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు), స్లైడ్లు తీసుకెళ్లడానికి వచ్చే కొడుకులూ అల్లుళ్లూ ఈ మాట అడగని వారం ఉండదు. హెపటైటిస్ బి వైరస్ ఉన్న మనిషి, లివర్‌లో గడ్డ. ఆపరేషన్ అయిపోయింది, బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. అంతలో ఏ దూరపు చుట్టమో వాట్సాప్‌లో ఒక వార్త పంపిస్తాడు. గడ్డలోని జీన్లు చూసి భవిష్యత్తు చెప్పేస్తున్నారని! ఇక ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. వాళ్ల ఆదుర్దా నాకు అర్థమవుతుంది. ఆ ఆదుర్దాని పెంచి పోషించే వదంతుల మీదే నా కోపమంతా.

జీన్ల పనితీరును కొలిచే శాస్త్రాన్ని నేను తీసిపారేయడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా దాని మీద గట్టి పరిశోధన జరిగింది. అది నిజంగా ఏం చెప్పిందో తెలుసుకోకుండా నిర్ణయాలు తీసుకుంటేనే కష్టం.

అపోహ: గడ్డ జీన్లలో “లో రిస్క్” అని వస్తే గండం గడిచినట్టే, వైరస్ మందు మానేయొచ్చు

మనుషులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

లివర్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేశాక ఐదేళ్లలో దాదాపు 70 శాతం మందిలో అది తిరగబెడుతుంది. ఈ తిరగబెట్టడం రెండు రకాలు. మొదటి రెండేళ్లలో వచ్చేది ఎక్కువగా పాత గడ్డ తాలూకుదే. ఆపరేషన్‌కి ముందే రక్తనాళాల్లోకి జారిన కణాలు లివర్‌లో ఇంకోచోట కుదురుకుని పెరుగుతాయి. రెండేళ్లు దాటాక వచ్చేది చాలాసార్లు కొత్త గడ్డ. ఏళ్ల తరబడి వైరస్ దెబ్బ తిన్న లివర్ మళ్లీ ఇంకొకటి పుట్టించిందన్నమాట. కలుపు మొక్కను వేళ్లతో సహా పీకినా ఆ మడిలో గింజలు మిగిలే ఉంటాయి కదా, అలాగ.

జీన్ పరిశోధనలు ఈ రెండింటినీ విడివిడిగా పట్టుకున్నాయి. 2003లో షాంఘై వైద్యులు, అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు కలిసి హెపటైటిస్ బి రోగుల గడ్డలను పరిశీలించారు. అప్పటికే పాకిన క్యాన్సర్‌లో అసలు గడ్డలోనూ, దాన్నుంచి పుట్టిన పిల్ల గడ్డలోనూ జీన్ల పనితీరు దాదాపు ఒకేలా కనిపించింది. పాకని గడ్డల తీరు వేరుగా ఉంది. పాకే గడ్డల్లో ముఖ్యంగా ఆస్టియోపాంటిన్ అనే ప్రోటీన్ తాలూకు జీన్ బాగా చురుగ్గా ఉందని తేలింది. అంటే పాకే గుణం మొదటి గడ్డలోనే ఉంటోంది. మొదటి రకం తిరగబెట్టడానికి ఆధారం ఇదే.

రెండో రకం గురించి తెలిసింది 2008లో. 82 మంది జపాన్ రోగుల పాత పారఫిన్ బ్లాకులు తీసుకుని చూస్తే గడ్డలోని జీన్లకూ, మనిషి ఎంతకాలం బతికాడన్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం దొరకలేదు! గడ్డ పక్కనున్న, క్యాన్సర్ లేని లివర్ ముక్కలో మాత్రం స్పష్టంగా దొరికింది. అక్కడ దొరికిన 186 జీన్ల సిగ్నేచర్‌ని, అంటే ఆ జీన్లన్నీ కలిసి చూపే పనితీరు ముద్రని, అమెరికా, యూరప్‌లలో 225 మంది మీద మళ్లీ సరిచూస్తే నిలబడింది. వాళ్లలో హెపటైటిస్ సి వాళ్లే ఎక్కువ, నిజమే. అయితే అంతకు రెండేళ్ల ముందే, చాలావరకు హెపటైటిస్ బి ఉన్న చైనా రోగుల్లో, గడ్డ పక్క లివర్‌లోని రోగనిరోధక జీన్లను బట్టి క్యాన్సర్ సిరల్లోకి పాకే అవకాశాన్ని అంచనా కట్టొచ్చని ఇంకో బృందం చూపించింది.

అంటే రోగి రేపటిని నిర్ణయించేది మేం బకెట్‌లో అందుకునే గడ్డ ఒక్కటే కాదు. కడుపులో మిగిలిన లివర్‌కి కూడా అందులో పెద్ద వాటా ఉంది. ఆ లివర్‌ని పాడు చేస్తున్నది వైరస్. దాన్ని అదుపులో పెట్టేది రోజుకో మాత్ర, టెనోఫోవిరో ఎంటెకావిరో. తైవాన్‌లో హెపటైటిస్ బి వల్ల వచ్చిన లివర్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన 4,569 మంది వివరాలను 2012లో ప్రచురించారు. యాంటీవైరల్ వాడినవాళ్లలో ఆరేళ్లకి 45.6 శాతం మందికి తిరగబెట్టింది, వాడనివాళ్లలో 54.6 శాతం మందికి. తేడా అద్భుతం కాకపోవచ్చు. కానీ మన చేతిలో ఉన్న తేడా అది.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. గోదావరి వైపు రైతు ఒకాయన. గడ్డ చిన్నది, ఆపరేషన్ బాగా జరిగింది. కొడుకు బ్లాకులు తీసుకెళ్లి బయట పరీక్ష చేయించాడు. రిపోర్టులో పచ్చరంగు గడిలో “లో రిస్క్” అని వచ్చింది. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లి మొక్కు తీర్చుకున్నారు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ కూడా “నాట్ డిటెక్టెడ్” అని ఉండటంతో, ఇక ఎందుకులే అని మాత్ర మానేశారు. కొన్ని నెలలకు కళ్లు పచ్చబడ్డాయి. ముందు పసరు పోయించారు. ఆ తర్వాతే ఆసుపత్రికి తెచ్చారు. వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ వాచిపోయింది. ఆయన ఐసీయూ నుంచి బతికి బయటపడ్డారు, అదృష్టం. ఆ అబ్బాయి మళ్లీ మా కౌంటర్ దగ్గరికొచ్చి, “రిపోర్టు తప్పా మేడం?” అని అడిగాడు. తప్పు కాదు నాన్నా. ఆ రిపోర్టు గడ్డ గురించి చెప్పింది. మాత్ర వేసుకుంటున్నది లివర్ కోసం. “నాట్ డిటెక్టెడ్” అంటే మందు పనిచేస్తోందని అర్థం, వైరస్ వెళ్లిపోయిందని కాదు. దాని మూలరూపం కణాల కేంద్రకాల్లో దాగే ఉంటుంది. లివర్ డాక్టర్ చెప్పకుండా ఈ మాత్ర ఎవరూ, ఏ రిపోర్టు చూసీ ఆపకూడదు.

డబ్బు సమస్య అయితే ఒక మాట. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. జీన్ పరీక్షకి అప్పు చేసి, దొరికే మందు మానేసిన ఇళ్లను చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: “హై రిస్క్” అంటే రోజులు లెక్కపెట్టుకోవడమే

కాదు. సిగ్నేచర్ చెప్పేది గుంపు సంగతి. హై రిస్క్ గుంపులో ఏళ్ల తరబడి బాగున్నవాళ్లుంటారు, లో రిస్క్ గుంపులో త్వరగా పోయినవాళ్లూ ఉంటారు. మీ నాన్నగారు అందులో ఎవరన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. పైగా ఒక బృందం తేల్చిన జీన్ల జాబితాకీ ఇంకో బృందం జాబితాకీ పోలిక చాలా తక్కువ. రోగులు వేరు, వైరస్ వేరు, కొలిచే పద్ధతి వేరు. అందుకే లివర్ క్యాన్సర్‌లో ఏ జీన్ సిగ్నేచర్‌నీ రోజువారీ వైద్యంలో తప్పనిసరి అని పెద్ద మార్గదర్శకాలు చెప్పలేదు. గడ్డ సైజు, ఎన్ని గడ్డలు, సిరల్లోకి పాకిందా, లివర్ ఎంత బలంగా ఉంది, రక్తంలో ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ ఎంత అన్నవే ఇప్పటికీ దారి చూపుతున్నాయి.

అపోహ: రొమ్ము క్యాన్సర్‌కి ఉన్నట్టే దీనికీ ఉంది, దాన్ని బట్టే మందు ఇస్తారు

రొమ్ము క్యాన్సర్‌లో 21 జీన్ల పరీక్ష కీమో అవసరమా కాదా తేల్చడానికి నిజంగానే పనికొస్తుంది. లివర్‌లో ఆ స్థాయికి ఇంకా రాలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. లివర్ క్యాన్సర్‌ని చాలామందిలో సీటీ, ఎంఆర్‌ఐ చూసే నిర్ధారిస్తారు, ముక్కే తీయరు. ముక్క లేకపోతే గడ్డ జీన్ల పనితీరు కొలిచేదెలా? పరీక్ష కోసమని వైద్యం వాయిదా వేయకండి. ఆపరేషన్ అయినవాళ్లకి తొందర అసలే లేదు, ఆ 2008 పరిశోధనలో ఇరవై నాలుగేళ్లు దాటిన బ్లాకులు కూడా పనికొచ్చాయి.

అపోహ: జీన్ అంటే వంశపారంపర్యం, పిల్లలకీ వస్తుంది

ఈ పరీక్ష చూసేది గడ్డలో, లివర్‌లో ఇప్పుడు ఏ జీన్ ఎంత పనిచేస్తోందన్నది. పుట్టుకతో వచ్చిన లోపాన్ని కాదు. ఒకమ్మాయి, పెళ్లి కుదిరిన పిల్ల, నాన్న రిపోర్టు పట్టుకుని వణుకుతూ వచ్చింది, అత్తింటివాళ్లకి తెలిస్తే ఏమంటారోనని. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఇదే చెప్పాను. ఆ రిపోర్టులో ఆ పిల్ల గురించి ఒక్క అక్షరం లేదు.

కుటుంబంలో పాకేది వైరస్. అదీ కలిసి తింటేనో, ఒకే గ్లాసులో తాగితేనో కాదు. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, రక్తం ద్వారా, సూదుల ద్వారా, లైంగికంగా. మన దేశమంతటా పిల్లల టీకాల్లో హెపటైటిస్ బి టీకా చేరింది 2011 నాటికే కాబట్టి అంతకుముందు పుట్టినవాళ్లలో చాలామందికి రక్షణ లేదు. హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాని చవగ్గా తెచ్చినా, అందనివాళ్లు లక్షల్లో ఉన్నారు.

అందుకని రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త, పిల్లలు, బతికుంటే తల్లి, అందరూ హెచ్‌బీఎస్‌ఏజీ అనే హెపటైటిస్ బి రక్త పరీక్ష చేయించుకోవాలి. నెగెటివ్ వచ్చి, రక్షణ కూడా లేకపోతే టీకా. పాజిటివ్ వస్తే లివర్ డాక్టర్ దగ్గరికి. సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నా, డాక్టర్ అవసరమన్నా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పకూడదు. ఇంట్లో పాజిటివ్ ఉన్న గర్భిణి ఉంటే ముందుగానే వైరల్ లోడ్ చూపించండి, అది ఎక్కువుంటే చివరి నెలల్లో టెనోఫోవిర్ ఇస్తారు. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా, దాంతోపాటు వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలుండే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇప్పించాలి. కాన్పు ఏ ఆసుపత్రిలో అయితే అక్కడ ఆ ఇంజెక్షన్ దొరుకుతుందో లేదో నొప్పులు రాకముందే అడిగి పెట్టుకోండి.