మట్టితో పనిలేని పురుగు

పిల్లలు నిద్రలోకి జారుకున్నాక నులిపురుగు (పిన్‌వార్మ్) పని మొదలవుతుంది. తెల్లటి దారప్పోగులా కనిపించే ఆడపురుగు పొడవు ఇంచుమించు ఒక సెంటీమీటరు. మగది అందులో సగం కూడా ఉండదు. పగలంతా ఇవి పెద్దపేగు మొదట్లో, అపెండిక్స్ పరిసరాల్లో ఉంటాయి. రాత్రి కాగానే గుడ్లతో నిండిన ఆడపురుగు పేగు వెంట కిందికి దిగి, మలద్వారం దాటి బయటికొచ్చి, చుట్టూ ఉన్న చర్మం మీద 10 వేలకు పైగా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దాంతో విపరీతమైన దురద పుడుతుంది. బిడ్డ నిద్రలోనే గోక్కుంటుంది, గుడ్లు గోళ్ల సందుల్లో చేరతాయి. 4 నుంచి 6 గంటల్లో అవి సోకే దశకు వచ్చేస్తాయి. అంటే రాత్రి పెట్టిన గుడ్డు పొద్దున్న పాలు తాగే వేళకే సిద్ధం. అదే వేలు నోట్లో పెట్టుకుంటే గుడ్లు కడుపులోకి పోతాయి. నెల, రెండు నెలల్లో మళ్లీ గుడ్లు పెట్టే పురుగులు తయారవుతాయి.

గుడ్లు పెట్టేది పేగులో కాదు, బయట చర్మం మీద. అందుకే మామూలు మల పరీక్షలో ఇవి దాదాపు దొరకవు. "మోషన్ టెస్టులో ఏమీ రాలేదు, పురుగులు లేనట్టే" అని ఊరుకోవడం పొరపాటు. 1941లో గ్రాహం అనే పరిశోధకుడు చూపించిన పద్ధతి ఇప్పటికీ దీనికి సరైన పరీక్ష. బిడ్డ లేవగానే, కడగక ముందే, మలద్వారం పక్క చర్మం మీద పారదర్శకమైన టేపు ముక్కను అద్ది, గాజు పలక మీద అతికించి ల్యాబుకు ఇవ్వాలి. ఒక పక్క చదునుగా, మరో పక్క ఉబ్బెత్తుగా ఉండే గుడ్డును మైక్రోస్కోప్ కింద ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఒక్కరోజు చేస్తే తప్పిపోవచ్చు, వరుసగా 3 రోజులు చేస్తే పదింట తొమ్మిది కేసులు బయటపడతాయి.

పేగుల్లో చేరే మరో పురుగు ఏలికపాము. దాని గుడ్లు సోకే దశకు రావాలంటే మట్టిలో వారాల తరబడి ఉండాలి. కొంకిపురుగుకు (హుక్‌వార్మ్) వెచ్చటి, తడి నేల కావాలి. అందుకే మరుగుదొడ్లు, చెప్పులు వచ్చిన చోట అవి తగ్గుతాయి. నులిపురుగుకు మట్టితో పనే లేదు, ఒకరి వేలి నుంచి ఇంకొకరి నోటికి దారి ఉంటే చాలు. చలిదేశాల్లో, పాలరాతి ఇళ్లలో, మంచి బళ్లలో కూడా ఇది బాగా కనిపించేది ఇందుకే. అమెరికాలో యూటా రాష్ట్రంలోని డేంజర్ గుహలో సుమారు 10 వేల ఏళ్ల నాటి ఎండిన మానవ మలంలో దీని గుడ్లు దొరికాయని 1969లో పరిశోధకులు ప్రకటించారు. ఆసియా నుంచి మంచు ప్రాంతాల మీదుగా అమెరికాకు నడిచి వెళ్లిన జనంతో కొంకిపురుగు అంత తేలిగ్గా ప్రయాణించలేదు. నులిపురుగుకు ఆ చలి అడ్డం కాలేదు, అది మనిషి ఒంటిని అంటిపెట్టుకునే వెళ్లింది.

ఈ జాతి పురుగుల చరిత్ర మనకంటే చాలా పాతది. బ్రెజిల్‌లో 24 కోట్ల ఏళ్ల కిందటి సైనోడాంట్ అనే, క్షీరదాలకు పూర్వపు బంధువైన జీవి శిలాజ మలంలో పిన్‌వార్మ్ గుడ్డు దొరికినట్టు 2014లో ప్రచురించారు. ఇప్పుడు ఎలుకకో రకం, కుందేలుకో రకం, గుర్రానికో రకం. గుర్రాల్లో ఆడపురుగు 10 సెంటీమీటర్లు కూడా దాటుతుంది. దురద భరించలేక గుర్రం తోకను గోడకేసి రుద్ది రుద్ది వెంట్రుకలు ఊడగొట్టుకుంటుంది. కుక్కలకు, పిల్లులకు ఇవి ఉండవు, కాబట్టి బిడ్డకు పురుగులు వచ్చాయని పెంపుడు కుక్కను తిట్టడం అన్యాయం. మనిషి పురుగు దాటి వెళ్లేది మనకు బాగా దగ్గరి బంధువుల్లోకే. జూలలో ఉన్న చింపాంజీలకు ఇది సోకి, అవి చనిపోయిన ఘటనలు నమోదయ్యాయి.

దీన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో ప్రయోగశాలల వాళ్లను అడిగితే తెలుస్తుంది. వడగట్టిన గాలి, శుద్ధి చేసిన మేత, గ్లౌజులు అన్నీ ఉన్న చోట కూడా సిఫేషియా, ఆస్పిక్యులూరిస్ అనే రెండు రకాల పిన్‌వార్మ్‌లు చిట్టెలుకల బోనుల్లోకి పదేపదే చొరబడతాయి. పైకి ఎలుక ఆరోగ్యంగానే ఉంటుంది గానీ దాని రోగనిరోధక వ్యవస్థ తీరు మారి, ప్రయోగ ఫలితాలు పక్కదారి పడతాయి. పురుగులను చంపడానికి మేతలో కలిపే ఫెన్‌బెండజోల్ అనే మందు కూడా కొన్ని ఫలితాలను మార్చగలదు. ఒక్క బోనుకు మందు పెట్టి ఊరుకోరు. గదినంతటినీ ఒకేసారి శుభ్రం చేసి, వారాల తరబడి మందు కొనసాగిస్తారు. అంత కట్టుదిట్టమైన చోటే ఇంత కష్టమైతే, నలుగురు పిల్లలు ఒకే పక్క మీద పడుకునే ఇంట్లో ఇది తిరిగి వచ్చిందని తల్లిని తప్పుపట్టడం ఏం న్యాయం? "స్వీట్లు తిన్నావు, అందుకే పురుగులు" అని బిడ్డను గద్దించడం కూడా అంతే. బెల్లంలో నుంచి పురుగు పుట్టదు, నోట్లోకి గుడ్డు వెళ్తేనే పురుగు.

ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో, బళ్లలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ముఖ్యంగా మట్టి ద్వారా సోకే పురుగుల కోసం. అది నులిపురుగులనూ చంపుతుంది, కానీ గుడ్లను చంపదు. అందుకే నులిపురుగు ఉందని తేలినప్పుడు డాక్టరు రెండు వారాల తర్వాత ఇంకో డోసు వేయమంటారు. రెండోది మానేస్తే మొదటిది వేసినా దండగే. బడిలో మాత్ర వేసుకున్న బిడ్డ పక్కనే పడుకునే అమ్మమ్మకు ఆ మాత్ర అందదు. కాబట్టి ఇంట్లో అందరికీ ఒకే రోజున మందు వేయించడం గురించి డాక్టరును అడగాలి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లల విషయంలో సొంత వైద్యం వద్దు.

మందుతో పాటు చేయాల్సినవి చిన్న పనులే. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి, పొద్దున లేవగానే స్నానం చేయించాలి, రాత్రి వేసుకున్న బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. దుప్పటి మాత్రం దులపకూడదు, దులిపితే గుడ్లు గాల్లోకి లేచి గదంతా పడతాయి. చల్లటి, తేమ ఉన్న చోట అవి రెండు, మూడు వారాల దాకా బతికే ఉంటాయి. ఆడపిల్లల్లో ఈ పురుగు ముందు వైపుకు పాకి అక్కడా మంట పెడుతుంది. ఆ సంగతి పిల్ల సిగ్గుతో చెప్పకపోవచ్చు, కాబట్టి మనమే మెల్లగా అడగాలి. రెండో డోసు అయ్యాక కూడా రాత్రి దురద మళ్లీ మొదలైతే, ఇంట్లోనో బడిలోనో ఇంకెవరి నుంచో సోకుతోందేమో చూసుకుని, టేపు పరీక్ష మరోసారి చేయించాలి.