కంటి కటకంలో తరిగిపోయే నిల్వ

కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే ఎందుకు తెల్లబడుతుందో ఎక్కడో చదివిన ఒక పాఠకురాలు మలక్‌పేట నుంచి ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. కంటి కటకం కూడా చిక్కటి ప్రోటీను ద్రావణమే కదా, హైదరాబాదు మే నెల ఎండలో అది ఎందుకు తెల్లబడిపోదు అని వారి సందేహం. ఎండ వరకు సమాధానం చిన్నదే: బయట 42 డిగ్రీలున్నా శరీరం తన లోపలి వేడిని 37 డిగ్రీల దగ్గరే నిలుపుకుంటుంది, కటకంలోని ప్రోటీన్లు చెదరాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. అయితే ఆ ప్రశ్నలో వేడికి బదులు కాలాన్ని పెట్టి చూడండి. అరవై డెబ్బై ఏళ్ళపాటు మార్చకుండా వాడుకుంటున్న ప్రోటీను ద్రావణం అన్నేళ్ళూ తేటగా ఎలా నిలుస్తోంది? జీవరసాయన శాస్త్రంలో నాకు ఇంతకంటే అందంగా తోచిన ప్రశ్న లేదు.

మార్చకుండా అన్న మాటను అక్షరాలా తీసుకోవాలి. కటకంలోని తంతు కణాలు ఎదిగే క్రమంలో తమ కేంద్రకాన్ని, మైటోకాండ్రియాలను, రైబోసోములను తామే విచ్ఛిన్నం చేసుకుంటాయి. ఆ తరువాత వాటిలో కొత్త ప్రోటీను తయారు కాదు, చెడిపోయినదాని స్థానంలోకి మరొకటి రాదు. నడిమి భాగంలోని ప్రోటీన్లు మనం పుట్టకముందు తయారైనవే. 1950, 60 దశకాల అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పాలు పెరిగి తరువాత క్రమంగా తగ్గింది; డెన్మార్కు పరిశోధకులు 2008లో మృతుల కటకాలలోని ప్రోటీన్లలో ఆ కార్బన్‌ను కొలిచి, ఆ మనుషులు ఇంచుమించు ఏ సంవత్సరంలో పుట్టారో చెప్పగలిగారు.

మన పాఠ్యపుస్తకాలు కటకం పారదర్శకంగా ఉంటుందని ఒక వాక్యంలో చెప్పి కిరణ చిత్రాలలోకి వెళ్ళిపోతాయి. ఎందుకు పారదర్శకంగా ఉందో ఒక్క పిల్లవాడైనా అడిగేలా ఆ పాఠం ఉండాలని నా కోరిక, ఎందుకంటే కటకం బరువులో మూడో వంతు ప్రోటీనే. అంత పదార్థం కాంతిని చెదరగొట్టకపోవడానికి కారణం, అణువులు కిక్కిరిసి ఉన్నప్పుడు ఒక్కొక్క అణువు చుట్టూ ఉన్న పరిసరం దాదాపు ఒకే తీరుగా ఉండి, వాటినుంచి చెదిరిన తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడమే. భౌతికశాస్త్రవేత్త బెనెడెక్ 1971లో సిద్ధాంతపరంగా చర్చించిన ఈ విషయాన్ని 1983లో దలే, తార్ద్యూ అనే పరిశోధకులు ఎక్స్-కిరణాలతో నిరూపించారు. కొన్ని అణువులు గుమిగూడి, కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగిన పరిమాణానికి ఎదిగితే ఈ రద్దు దెబ్బతిని కటకం మసకబారుతుంది. తేటదనానికి అవసరమైన ఆ కిక్కిరిసిన స్థితే గుమిగూడడాన్ని కూడా సులభం చేస్తోందన్నది ఇక్కడి చిక్కు.

ప్రోటీను అంటే ఎమినో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు తన క్రమాన్ని బట్టి తానే సరైన ఆకారంలోకి ముడుచుకోగలదని నిరూపించినందుకు ఆన్‌ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ప్రయోగం పలుచటి ద్రావణంలో జరిగింది. కణంలోని రద్దీలో, గొలుసు లోపల దాగి ఉండవలసిన నీటికి పొసగని భాగాలు బయటపడితే, పక్క గొలుసుల అలాంటి భాగాలకు అతుక్కుపోతాయి. ఆ అతుకును ఆపే ప్రోటీన్లే షాపెరోన్లు. బాక్టీరియాలోని గ్రో-ఈఎల్ అనే షాపెరోన్ ఏడేసి ఉపభాగాల రెండు వలయాలతో ఒక గదిలా ఏర్పడి, చెదిరిన గొలుసును లోపలికి తీసుకుని, గ్రో-ఈఎస్ అనే మూత పెట్టి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువులను ఖర్చు చేస్తూ అది ఒంటరిగా ముడుచుకునే అవకాశం ఇస్తుంది. పాఠాలలో ఎక్కువగా కనిపించేది ఇదే. నాకు మాత్రం ఏటీపీ ఏ మాత్రం వాడని మరొక షాపెరోన్ మీద మక్కువ ఎక్కువ.

కటకంలోని ప్రోటీన్లలో ఆల్ఫా, బీటా, గామా క్రిస్టలిన్లు ప్రధానమైనవి. ఆల్ఫా క్రిస్టలిన్‌ను చాలాకాలం కేవలం నిర్మాణ పదార్థంగానే లెక్కించారు. ఈగలను వేడికి గురిచేసినప్పుడు పుట్టే చిన్న ప్రోటీన్లకు దానితో దగ్గరి పోలిక ఉందని 1982లో ఇంగోలియా, క్రెయిగ్ గమనించారు. అది ఇతర ప్రోటీన్లు గుమిగూడకుండా అడ్డుకుంటుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపించారు. దాని ఉపభాగాలు రెండు రకాలు, ఏ, బి. ఒక్కొక్కటి బరువు దాదాపు 20 కిలోడాల్టన్లు, అంటే సుమారు 20 వేల హైడ్రోజన్ పరమాణువులంత. పదుల సంఖ్యలో ఉపభాగాలు కలిసి ఒక గుంపు అవుతాయి గానీ ఆ సంఖ్య అన్ని గుంపులలోనూ ఒకటే ఉండదు, ఉపభాగాలు ఒక గుంపు నుంచి మరొకదానికి నిరంతరం మారుతూ ఉంటాయి. చెదరడం మొదలైన బీటా లేదా గామా క్రిస్టలిన్ ఎదురైతే ఆల్ఫా తన జలవిముఖ (నీటికి పొసగని) తలాలతో దానిని పట్టుకుంటుంది. తిరిగి ముడవదు, విడిచిపెట్టదు. మరొకదానికి అంటుకోకుండా, ద్రావణంలోనే ఉండేలా పట్టుకుని ఉంచుతుంది. మన ఉప్పల్ రోడ్డులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి.లో రామన్, మోహన్ రావు 1994లో ప్రచురించిన పరిశోధన ఈ పట్టుకు ఉష్ణోగ్రతతో ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది: 30 డిగ్రీలు దాటేసరికి ఆల్ఫా క్రిస్టలిన్ నిర్మాణం కొంత సడలి, జలవిముఖ తలాలు మరింత బయటికి వచ్చి, కాపాడే సామర్థ్యం పెరుగుతుంది. ప్రమాదం ఎక్కువయ్యే దిశలోనే రక్షణ కూడా పెరగడం ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

కానీ పట్టుకున్నదానిని విడిచిపెట్టని రక్షకుడు ఒకసారే పనికివస్తాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ప్రోటీను గొలుసులోని ఎమినో ఆమ్లాలు మారిపోతాయి: ఆస్పరాజిన్ తన అమైడ్ భాగాన్ని కోల్పోతుంది, ఆస్పార్టిక్ ఆమ్లం ఎడమ రూపం నుంచి కుడి రూపానికి మారుతుంది, గంధకం ఉన్న భాగాలు ఆక్సీకరణ చెందుతాయి. ఇలా చెదిరిన ప్రతి అణువూ నిల్వలోంచి కొంత ఆల్ఫాను తీసేసుకుంటుంది. నలభై ఏళ్ళు వచ్చేసరికి మానవ కటకపు నడిమి భాగంలో ద్రావణంలో విడిగా ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ దాదాపు మిగలదు. చత్వారం వచ్చే వయసు కూడా అదే. ఈ రెండింటికీ సంబంధం ఉందని వాదించిన ట్రస్కాట్ బృందం 2007లో పంది కటకాలను 50 డిగ్రీల వద్ద ఉంచి చూడగా, ఆల్ఫా చెదిరిన ప్రోటీన్లతో కలిసి పెద్ద గుంపులుగా మారడం, కటకం బిగుసుకుపోవడం కలిసి కనిపించాయి. మధుమేహం ఈ తరుగుదలకు మరింత చేటు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మధుమేహం ఉన్న ఎలుకల కటకాలలో ఆల్ఫా సామర్థ్యం తగ్గడాన్ని చూపించారు.

ఇది తెలిసినప్పుడు శుక్లం కరుగుతుందని కంట్లో తేనె, ఉల్లిరసం పిండే అలవాటు ఎంత బాధ కలిగిస్తుందో చెప్పలేను. దశాబ్దాలుగా పోగుపడిన, కటకం లోపల మూసుకుపోయిన ఆ గుంపులను పై నుంచి వేసే రసం చేరనే చేరదు, పైగా కంటిపాపపై పొర చెడిపోయే ప్రమాదం ఉంది. శుక్లం బాగా పండిన తరువాతే ఆపరేషన్ అన్న మాట కూడా పాత పద్ధతుల కాలం నాటిది; ముదిరితే కటకం గట్టిపడి శస్త్రచికిత్స కష్టమవుతుంది. లానోస్టెరాల్ అనే పదార్థం జంతువుల కటకాలను తేటపరచిందని 2015లో వచ్చిన వార్త ఎంతో ఆశ రేపింది గానీ, ఆపరేషన్‌లో తీసిన మానవ కటకాలపై తరువాత చేసిన పరీక్షలలో ఆ ఫలితం రాలేదు.

ఆల్ఫా క్రిస్టలిన్‌లోని బి ఉపభాగం కటకానికే పరిమితం కాదు, గుండెలోను, కండరాలలోను పుష్కలంగా ఉంటుంది. 1998లో ఒక ఫ్రెంచి కుటుంబంలో కండరాల బలహీనత, గుండెజబ్బు, శుక్లాలు తరతరాలుగా కలిసి రావడానికి మూలం వెతికితే అది ఈ జన్యువులో దొరికింది: 120వ స్థానంలో ఉండవలసిన ఆర్జినిన్ అనే ఎమినో ఆమ్లానికి బదులు గ్లైసిన్ అనే మరొకటి వచ్చింది. ఆ ఒక్క మార్పుతో బి ఉపభాగం తానే గుమిగూడడం మొదలుపెట్టి, కండర కణాలలోని డెస్మిన్ అనే ప్రోటీను తంతువులను కూడా తనతోపాటు ముద్దలుగా కలిపేసింది.