అటక మీది రేడియోకి అప్పుడే ప్లగ్గు పెట్టకండి

చిరంజీవులు మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

తెనాలి ఇంట్లో అటక మీంచి మర్ఫీ రేడియో దించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే నాకు ఎంత సంతోషమేసిందో, ఆ వెంటనే అంత టెన్షన్ పట్టుకుంది. "ప్లగ్గు పెట్టి చూస్తాం తాతయ్యా" అని మీ ఇద్దరి అరుపులు వెనక నుంచి వినబడ్డాయి. వద్దు నాన్నా. నేను సంక్రాంతికి వచ్చేదాకా దానికి కరెంటు చూపించకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం.

అది వాల్వుల రేడియో, అంటే బల్బుల్లాంటి గాజు గొట్టాలతో పనిచేసేది. స్విచ్ వేసిన వెంటనే మాట రాదు. గాజు వాల్వుల్లో ఫిలమెంటు ఎర్రగా వేడెక్కాలి, అందుకు అర నిమిషం పడుతుంది. వాల్వులు చూడ్డానికి సున్నితంగా ఉంటాయి గానీ చాలావరకు గట్టివే. ముసలితనం ముందు వచ్చేది కండెన్సర్లకి, అంటే కరెంటుని కాసేపు పట్టి ఉంచే భాగాలకి.

లోపలి భాగాలన్నీ బిగించే లోహపు పళ్లాన్ని ఛాసిస్ అంటారు. దాని మీద డబ్బాలా నిలబడి ఉండేది ఫిల్టర్ కండెన్సర్. దానిలో అల్యూమినియం రేకు చుట్టి ఉంటుంది. ఆ రేకు మీద కంటికి కనబడనంత పలచని ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటు అటూ ఇటూ కారిపోకుండా ఆపేది ఆ పొరే. ఏళ్ల తరబడి వాడకపోతే అది పాడవుతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా 250 వోల్టులు మీద పడితే తట్టుకోలేదు. వేడెక్కి ఉబ్బుతుంది, ఒక్కోసారి పేలుతుంది.

ఇంకో కండెన్సర్ ఉంది, సుద్దముక్కలో సగం కూడా ఉండదు. నాకు పాఠం చెప్పింది అదే. పెళ్లయిన కొత్తలో పక్కింటాయన చాలాకాలం మూలన పడేసిన రేడియో తెచ్చిస్తే, లోపల ఏమీ చూడకుండా ప్లగ్గు పెట్టేశాను. ఐదు నిమిషాలు చక్కగా పాడింది. తర్వాత గొంతు జీరబోయింది, తారు కాలిన వాసన వచ్చింది. చివరి వాల్వు నుంచి స్పీకర్‌కి పాట అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దానిలో వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు ఉంటుంది. మళ్లీ చుట్టించడానికి ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు. ఆ బాధ నాకింకా ఉంది.

తప్పు ఆ చిన్న కండెన్సర్‌ది. పాటని మాత్రం చివరి వాల్వుకి పంపి, వెనకున్న పెద్ద వోల్టేజీని ఆపడం దాని పని. లోపల ఉండేది కాగితం. మన డెల్టా గాలిలోని తేమని ఏళ్ల తరబడి పీల్చుకుని, ఆపాల్సిన కరెంటుని కాస్త కాస్తగా వదిలేస్తుంది. దాంతో చివరి వాల్వు అదుపు తప్పి ఎక్కువ కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఆహుతవుతుంది. అందుకే ఇప్పుడు ఏ రేడియో వచ్చినా ముందు దాన్నే మారుస్తాను. నిన్న కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కాగితం బదులు ప్లాస్టిక్ పొర ఉండే 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు మీ రేడియో కోసం తెచ్చిపెట్టాను.

మార్చాక కూడా నేరుగా ప్లగ్గులో పెట్టం. 60 వాట్ల పాతకాలపు బల్బు ఒకటి సిరీస్‌లో కలుపుతాం, అంటే కరెంటు ఆ బల్బు గుండా వెళ్లాకే రేడియోకి చేరుతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఫిలమెంటు బల్బే కావాలి. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, రేడియో బతుకుతుంది. అంతా బాగుంటే ఒక్క క్షణం వెలిగి మందగిస్తుంది. ఆ మందగించడం మీరు మీ కళ్లతో చూడాలి.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. ప్లగ్గు తీసేసినా ఫిల్టర్ కండెన్సర్ కరెంటుని కొంతసేపు పట్టుకునే ఉంటుంది. పైగా ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసే పాత రేడియోల్లో ప్లగ్గు తిరగబడితే ఛాసిస్‌కే ఫేజ్ వస్తుంది. అందుకే వాటి నాబ్ స్క్రూల మీద మైనం పూసేవాళ్లు, వేలు తగిలినా షాక్ కొట్టకుండా. మైనం ఊడిపోయి ఉంటే మీకు తెలియదు. కాబట్టి పెద్దవాళ్లు పక్కన లేకుండా లోపల చెయ్యి పెట్టొద్దు.

మరి మీరేం చేయాలి? చాలా పని ఉంది. వెనక అట్ట నాన్న చేత తీయించి, లోపల ఎలా ఉందో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. కందిరీగ మట్టిగూడు ఉంటుందని నా అనుమానం. అటక మీది సామాను దేన్నీ అవి వదలవు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి, తడిగుడ్డ మాత్రం వద్దు. ముఖ్యంగా డయల్ గాజు లోపలి వైపు అసలు తుడవొద్దు. ఊళ్ల పేర్లు అచ్చయింది ఆ వైపే. ఒకసారి ఓ మెకానిక్ స్పిరిట్‌తో తుడిస్తే సిలోన్ మొత్తం గుడ్డకి అంటుకొచ్చేసింది.

డయల్ ముల్లుని లాగే సన్నతాడు ఏ చక్రం మీంచి ఏ చక్రానికి వెళుతోందో మనవరాలు బొమ్మ గీసి పెట్టాలి. తాడు తెగితే ఆ బొమ్మే దిక్కు. పాత లైసెన్సు పుస్తకం నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలి, మనవడు వెతుకు. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాల్సి వచ్చేది.

లోపల బ్లూటూత్ బోర్డు పెట్టేస్తే పనైపోతుందని మీ నాన్న అన్నాడు. నాకది ఇష్టం లేదు. చెక్కపెట్టె మిగిలి రేడియో పోతుంది. పాడైన కండెన్సర్లు మారుద్దాం, పెట్టెకి లక్క పాలిష్ పూద్దాం, మిగతాది ఉన్నట్టే ఉంచుదాం.

పాటందుకున్నాక విజయవాడ పెడదాం. 1948 డిసెంబరులో మొదలైన కేంద్రం అది. మీడియం వేవ్‌లో దాని సంఖ్య 837 కిలోహెర్ట్జ్. మన డయల్ మీద మీటర్లు ఉంటాయి కాబట్టి 3,00,000ని 837తో భాగించండి, ముల్లు ఎక్కడ నిలపాలో తెలుస్తుంది. జవాబు ఫోన్‌లో చెప్పండి. ఆ రోజు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు ఆపేయాలి, లేకపోతే గరగరమంటూ స్టేషన్ని మింగేస్తాయి.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పట్టీలా కట్టిన రాగివల ఏరియల్ ఉండేది. పారేయలేదని నాయనమ్మ అంటోంది. అటక మీద ఇంకోసారి చూడండి.

ప్రేమతో,
మీ తాతయ్య