దామరచర్లలో బొగ్గు మారింది, స్థలం మారలేదు

నారాయణపేట జిల్లా మక్తల్‌లో కొత్త థర్మల్ ప్లాంటు పెట్టే ఆలోచనను రాష్ట్ర మంత్రివర్గం 2025 నవంబరులో ముందుకు తెచ్చాక బొగ్గు ప్లాంటు ఇక్కడ కావాలా వద్దా అన్న పాత వాదన దక్షిణ తెలంగాణలో మళ్లీ రాజుకుంది. కృష్ణానది అవతల శక్తినగర్‌లో రాయచూరు థర్మల్ పొగగొట్టాలను చూస్తూ బతుకుతున్న ప్రాంతం అది. అక్కడి రైతులు ఇప్పుడు నల్లగొండ జిల్లా వైపు చూస్తున్నారంటే కారణం దామరచర్లలో కట్టిన యాదాద్రి థర్మల్ ప్లాంటు.

2015 జూన్ 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. భూమిలో అత్యధిక భాగం అటవీ శాఖది. నీళ్లకు కృష్ణ, రవాణాకు గుంటూరు వైపు రైలు మార్గం ఉన్నాయి. రాష్ట్రంలోని పెద్ద థర్మల్ ప్లాంట్లన్నీ గోదావరి వైపే ఉన్నాయని, దక్షిణానికీ ఒకటి కావాలని ప్రభుత్వం చెప్పింది. అందులో న్యాయం లేకపోలేదు.

నా దృష్టిలో అసలు మలుపు 2017 నాటి పర్యావరణ అనుమతిలో ఉంది. సగం దిగుమతి బొగ్గు, సగం దేశీయ బొగ్గు వాడతామన్న లెక్క మీద ఆ అనుమతి వచ్చింది. దిగుమతి బొగ్గు కోస్తా ఓడరేవుల్లో దిగి రైల్లో రావాలి. ఆ లెక్కలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న దామరచర్లకు ఒక అర్థం ఉంది. ఆ తర్వాత రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో మనసు మార్చుకుని మొత్తం దేశీయ బొగ్గే అంది. ఖర్చు పరంగా అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ బొగ్గు సింగరేణి గనుల నుంచి వచ్చేటప్పుడు, ప్లాంటు గనుల పక్కన కాకుండా ఇంత దూరాన కృష్ణ ఒడ్డున ఎందుకు ఉండాలి? ఈ ప్రశ్నకు ఇప్పటికీ సూటి జవాబు లేదు.

బొగ్గు మారితే బూడిద కూడా మారుతుంది. దిగుమతి బొగ్గులో బూడిద మామూలుగా తక్కువ. మన బొగ్గులో మూడో వంతు దాకా, కొన్ని గ్రేడ్లలో అంతకు మించి ఉంటుంది. అంటే 2017లో కాగితం మీద లెక్కేసిన బూడిద వేరు, రేపు ప్లాంటు పక్కన బూడిద కోసమే కట్టే చెరువులో నింపాల్సిన బూడిద వేరు. లారీలు, ధూళి, చిమ్నీలోంచి వచ్చేది, అన్నీ మళ్లీ లెక్కవేయాల్సినవే.

జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ 2022 సెప్టెంబరు 30న పట్టుకున్నది ఈ అంశాన్నే. అనుమతిని పక్కన పెట్టి, పూర్తిగా దేశీయ బొగ్గు వాడితే ప్రభావం ఎంతో మళ్లీ అధ్యయనం చేయమంది. నిర్మాణం మాత్రం ఆపలేదు. ఆ వెసులుబాటుతోనే సగం కథ ముగిసిపోయింది. 2024 ఫిబ్రవరి 20న ప్రజాభిప్రాయ సేకరణ జరిగేనాటికి వేల కోట్లు ఖర్చయిన ప్లాంటు జనం కళ్ల ముందు నిలబడి ఉంది. అక్కడ భూములు పోయినవాళ్లు ఉద్యోగాలు అడిగారు. ఆ స్థితిలో ఇంకేం అడుగుతారు? దాన్ని ఊరి సమ్మతిగా లెక్కగట్టడం అన్యాయం. కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. 2024 డిసెంబరు 7న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రెండో యూనిట్‌ను ప్రారంభించారు.

యాదాద్రి నిర్ణయాలపై అదే ఏడాది కొత్త ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. విభజన నాటి కరెంటు సంక్షోభంలో, అనుమతులన్నీ తీసుకునే చేశామన్నది కేసీఆర్ వాదన. ఆ రాజకీయ పోరులో ధర, టెండరు గురించి చాలా మాట్లాడారు, గాలి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

గాలి సంగతి 2025 జులైలో ఇంకా బిగుసుకుంది. బొగ్గు ప్లాంట్లు గంధకం పొగను వడగట్టాలని 2015 డిసెంబరులో పెట్టిన నిబంధనను కేంద్రం సడలించింది. పది లక్షల జనాభా దాటిన నగరాలకు, తీవ్ర కాలుష్య ప్రాంతాలకు దూరంగా ఉన్న ప్లాంట్లకు ఆ వడపోత పరికరాలు తప్పనిసరి కాదంది. పల్లె జనం తక్కువ మందైతే వాళ్ల ఊపిరితిత్తులకు తక్కువ రక్షణ చాలా? ఫ్లోరైడ్ నీళ్లతో తరాల నడుములు వంగిన జిల్లాలో ఈ లెక్క చెప్పడానికి ధైర్యం కావాలి.

వేరే దారి లేదన్న మాట కూడా నిజం కాదు. దామరచర్లకు పునాది పడిన 2015లోనే ఈ రాష్ట్రం సోలార్ విధానం ప్రకటించి, సబ్‌స్టేషన్ల వారీగా టెండర్లు పిలిచింది. పాలమూరు మెట్ట భూముల్లో ప్యానెళ్లు లేచాయి. 2025 జనవరి నాటి కొత్త విధానం 2030కల్లా మరో 20,000 మెగావాట్ల హరిత విద్యుత్తు తెస్తామంటోంది. అదే ఏడాది మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్ల పథకం మొదలైంది. రాత్రి పీక్ లోడుకు, అంటే వాడకం బాగా పెరిగే వేళకు, సోలార్ చాలదని అధికారులంటున్నారు, నిజమే. దానికి నిల్వ వ్యవస్థలు కావాలి. అందుకు పెట్టాల్సిన డబ్బును పాతికేళ్లకు పైగా బొగ్గు తగలబెట్టే ప్లాంటులో పెడితే ఆ లోటు ఎన్నటికీ తీరదు.

మక్తల్ ఇంకా ఆలోచన దశలోనే ఉంది. ఏ బొగ్గు, ఎక్కడి నుంచి, ఎంత బూడిద అన్నవి పర్యావరణ అధ్యయనానికి విధివిధానాలు ఖరారయ్యేటప్పుడే తేలాలి. వీర్లపాలెం వాళ్లకు ఆ దశలో అడిగే అవకాశం రాలేదు. మక్తల్, కృష్ణా మండలాల గ్రామసభలు ఆ ప్రశ్నలను ఇప్పుడే తీర్మానాలుగా రాసి కలెక్టరుకు ఇవ్వాలి.