రోబీ హౌస్‌ను నిలబెట్టింది చట్టం కాదు, పక్క స్థలం

ప్రార్థన మందిరాన్ని దాని యజమాని అయిన మతసంస్థ సమ్మతి లేకుండా, ఇష్టానుసారం పడగొట్టడానికి వీల్లేని చారిత్రక కట్టడంగా ప్రకటించరాదని షికాగో నగరం 1987లో నిబంధన తెచ్చుకుంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్న వాదం మళ్ళీ వినిపిస్తున్న వేళ, అదే ఊళ్ళోని హైడ్ పార్కు పేటలో ఉన్న రోబీ హౌస్ కథను ఒకసారి తిరగేయడం మంచిది. అది గుడి కాదు, చర్చి కాదు, నివాసగృహం కాబట్టి ఈ నిబంధన దానికి వర్తించేది కాదు. అయినా ఒక మతసంస్థ తన సొంత స్థలంలోని ఇంటిని పడగొట్టుకుంటానంటే అడ్డుకునే హక్కు ఊరికి ఎంతవరకు ఉందన్న పేచీ ఆ ఊళ్ళో అంత గట్టిగా నడిచింది ఈ ఇంటి దగ్గరే.

ఈ ఇంటిని రూపొందించింది అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, నేలకు సమాంతరంగా సాగే పొడవాటి గీతలకు పేరుపడ్డ ప్రెయరీ శైలిలో. 1910లో పూర్తయిన ఈ ఇంటి గోడల దగ్గర నిలబడి చూస్తే రైట్ పట్టుదల తెలుస్తుంది. సన్నని పొడవాటి ఇటుకల మధ్య అడ్డ దర్జులను, అంటే అతుకు సందులను, లోతుగా గీసి లేతరంగు గచ్చుతో వదిలారు, నిలువు దర్జులను మాత్రం ఇటుక రంగు గచ్చుతో గోడకు సమంగా పూడ్చారు. దానివల్ల కంటికి గోడంతా అడ్డగీతలే ఆనతాయి. పైన చూరు, కింద స్తంభమంటూ లేకుండా, ఉక్కు దూలాల బలం మీద చివరి ఇటుక గోడను దాటి ఎంతో ముందుకు చాచుకుని ఉంటుంది. అయితే కట్టించుకున్న ఫ్రెడరిక్ రోబీ అందులో ఉన్నది ఏడాదికి కాస్త పైన మాత్రమే. తండ్రి చేసిన అప్పులు మీద పడి, కాపురమూ చెడి, 1911లో అమ్మేశాడు. మరో రెండు కుటుంబాల తరవాత 1926లో ఆ ఇల్లు షికాగో థియలాజికల్ సెమినరీ చేతికి వచ్చింది.

ఇంటి చరిత్ర రాసేవారు చాలామంది ఇక్కడ సెమినరీని దుష్టపాత్ర చేసేస్తారు. సెమినరీ వైపు నుంచి కూడా చూడాలి. పాస్టర్లను తయారుచేసే ఆ సంస్థకు కావలసింది ఇల్లు కాదు, ముందుముందు క్యాంపస్ పెరగడానికి చోటు. ఆ సంగతిని అది దాచనూ లేదు. ఇల్లు ఉన్నన్నాళ్ళూ విద్యార్థుల వసతికీ భోజనశాలకూ వాడుకుంది. 1941లో మొదటిసారి కూల్చివేత ఆలోచన బయటపడి వాస్తుశిల్పులు గగ్గోలు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆ మాట మూలపడింది. యుద్ధం తరవాత పెళ్ళయిన విద్యార్థులకు గదులు చూపించాల్సిన భారం సెమినరీ మీద పడింది. 1957 మార్చి 1న ఇల్లు పడగొట్టి వసతిగృహం కడతామని ప్రకటించింది. కట్టినవాడికీ, చూసి మెచ్చుకునేవాడికీ ఆ ఇల్లు కళ. నెల తిరిగేసరికి ఖర్చు లెక్క చూసుకోవలసినవాడికి అది వేరే సంగతి.

ఆ మార్చిలోనే 89 ఏళ్ళ రైట్ స్వయంగా వచ్చి, విలేకరుల ముందు ఇల్లంతా తిరిగి, ఆధ్యాత్మికమైనదేదైనా మతబోధకుల చేతిలో పెడితే ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తోందని విసిరిన మాట ఈనాటికీ తిరుగుతోంది. మాట బాగుంది. కానీ ఇల్లు నిలిచింది ఆ మాటవల్ల కాదు. అదే ఏడాది నగరం ఏర్పరచిన వాస్తు కట్టడాల కమిషన్‌కు సలహా ఇవ్వడమే తప్ప ఎవరినీ ఆపే అధికారం లేదు.

అసలు మలుపు వేరే చోట ఉంది. పక్కనే ఉన్న, సభ్యులు ఒకే ఇంట్లో కలిసి ఉండే రెండు విద్యార్థి సంఘాలు, ఫై డెల్టా థీటా, జీటా బీటా టౌ, తమ ఇళ్ళను వదులుకోవడానికి ముందుకొచ్చాయి. వాటిలో మొదటిదానిలో రైట్ తన చదువు రోజుల్లో సభ్యుడు. వసతిగృహానికి స్థలం దొరికేసరికి సెమినరీకి రోబీ హౌస్ పడగొట్టే అవసరమే తప్పింది. 1958లో భవన వ్యాపారి విలియం జెకెన్‌డార్ఫ్ దాన్ని 1,25,000 డాలర్లకు కొన్నాడు. హైడ్ పార్కులో పాత ఇళ్ళ వరసలనే తీసేసి కొత్తవి కడుతున్న కంపెనీ ఆయనది. ఈ ఇంటిని ఆ పనికి ఆఫీసుగా పెట్టుకున్నాడు! 1963లో షికాగో యూనివర్సిటీకి దానంగా ఇచ్చేశాడు.

చట్టం ఆ తరవాత వచ్చింది. జాతీయ చారిత్రక కట్టడం గుర్తింపు 1963లో, నగర కమిషన్‌కు నిజమైన అధికారం 1968లో, నగర గుర్తింపు 1971లో, యునెస్కో జాబితాలో చోటు 2019లో. అన్నీ ఇల్లు గట్టెక్కాకే. ఇప్పటి వాదంలో సమ్మతి నిబంధన తీసేయమనేవాళ్ళు 1957 నాటి ఆగ్రహాన్ని గుర్తుచేస్తారు గానీ, అప్పుడు సెమినరీని ఎవరూ బలవంతపెట్టలేదనీ, చేతికి మరో స్థలం అందాకే అది ఒప్పుకుందనీ చెప్పడం తక్కువ.

ఆ సెమినరీయే 2008లో తన ప్రధాన భవనాన్ని యూనివర్సిటీకి అమ్మి, 2012లో కొత్త చోటికి మారింది. పాస్టర్లు చదువుకున్న ఆ పాత భవనంలో ఇప్పుడు ఆర్థికశాస్త్రం చెబుతున్నారు.