ఆవగింజలో రెండువందల వంతు

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక నగల దుకాణంలో త్రాసు మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. మొన్న దిద్దులు బాగు చేయించడానికి వెళ్లినప్పుడు, ఇంటి నుంచి కాగితంలో మడిచి తెచ్చిన పది ఆవగింజలను దాని మీద వేయమన్నాను. ఇరవై మిల్లీగ్రాములు దాటింది. గింజకు రెండు చొప్పున అనుకోండి. ఈ తూకం పక్కనే నిలబడ్డ మా మేనల్లుడి కోసం. పోటీ పరీక్షలకు చదువుతూ ఇక్కడే హాస్టల్లో ఉంటాడు. "అత్తా, మైక్రోడోసింగ్‌తో నిజంగా ఏకాగ్రత పెరుగుతుందా? అంత కొంచెం తీసుకుంటే ఏమవుతుంది?" అని వారం కిందట అడిగాడు. మైక్రోడోసింగ్ అంటే భ్రాంతులు కలిగించే మత్తుమందును రవ్వంత మోతాదులో తీసుకోవడం.

ఆ 'కొంచెం' ఎంతో ముందు చూడాలి. 1943 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త, తాను తయారుచేసిన ఎల్‌ఎస్‌డీ అనే అలాంటి మందును 250 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పావు వంతు, తీసుకున్నాడు. తక్కువే కదా అనుకున్నాడు. సైకిల్ మీద ఇంటికి బయలుదేరేసరికి లోకమంతా వంకర్లు తిరిగిపోయింది. ఆయన మింగింది ఆవగింజలో ఎనిమిదో వంతు! ఇప్పుడు మైక్రోడోస్ అంటున్నది సుమారు 10 మైక్రోగ్రాములు, ఆవగింజలో రెండువందల వంతు. భ్రాంతులు రాకుండా, మనసు మాత్రం చురుకెక్కాలని ఒక రోజు తీసుకుని రెండు రోజులు ఆపుతారు. అమెరికాకు చెందిన జేమ్స్ ఫాడిమన్ 2011లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. కొందరు ఇదే లెక్కన, సైలోసైబిన్ అనే భ్రాంతులు కలిగించే పదార్థం ఉన్న పుట్టగొడుగుల పొడి వాడతారు.

మరి పని చేస్తుందా? లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. మైక్రోడోసింగ్ చేయదలచుకున్నవాళ్లే ఇంట్లో కూర్చుని, లోపలిది కనబడని మందు గొట్టాల్లో (క్యాప్సూల్స్‌లో) కొన్నింటిలో మందు నింపారు, కొన్నింటిని ఖాళీగా వదిలారు. వాటిని కవర్లలో పెట్టి కలిపేశారు. ఏ రోజు ఏది మింగుతున్నారో వాళ్లకే తెలియదు. నాలుగు వారాలు గడిచాయి. చివరిదాకా నిలిచిన 191 మందిలో మందు తీసుకున్నవాళ్ల మనసు కుదుటపడింది. ఖాళీ గొట్టాలు మింగినవాళ్లకూ దాదాపు అంతే కుదుటపడింది! ఈ రోజు మందే తీసుకున్నానని ఊహించుకున్నవాళ్లకు, అది ఖాళీ గొట్టమైనా, ఉత్సాహం ఎక్కువగా కనిపించింది. తనలో వచ్చిన మార్పును గట్టిగా నమ్మిన ఒకాయన, తనవి ఖాళీవని చెబితే నమ్మలేక, మిగిలిన కవర్లు చూసుకుని మరీ ఒప్పుకున్నాడు. ఆయన అబద్ధమాడలేదు. ఆ ఉత్సాహం నిజమే, దాన్ని పుట్టించింది ఆయన నమ్మకం.

షికాగో విశ్వవిద్యాలయంలో ఇంతకంటే కట్టుదిట్టంగా చేసిన పరీక్షలోనూ మనఃస్థితి గానీ, బుద్ధి చురుకుదనం గానీ మెరుగుపడలేదు. సైలోసైబిన్‌తో మొండి మానసిక కుంగుబాటు తగ్గిందన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. అది 25 మిల్లీగ్రాముల నిండు మోతాదు, శిక్షణ పొందిన చికిత్సకుల సమక్షంలో ఇచ్చింది. ఆ ఫలితాన్ని తెచ్చి మైక్రోడోసింగ్ ఖాతాలో వేయకూడదు.

"పని చేయకపోతే పోయె, నష్టమైతే లేదు కదా?" అన్నాడు వాడు. నాకు భయం వేసింది అక్కడే. ఈ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలతో పాటు గుండె కవాటాల మీదుండే ఇంకో రకం సెరటోనిన్ గ్రాహకాన్నీ తడతాయి. అదే గ్రాహకాన్ని పదేపదే కదిపినందుకు ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు తగ్గించే మందు చాలామంది కవాటాలను పాడుచేసింది. 1997లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. మూడు రోజులకోసారి అంటే ఏడాదికి నూట ఇరవై సార్లు. గుండె సంగతి తలచుకుంటే అది చిన్న సంఖ్య కాదు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు ఉంటే ముప్పు పెరుగుతుంది. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం మందు వాడేవారికి వీటితో ఫిట్స్ వచ్చిన ఉదంతాలున్నాయి.

పైగా కొలిచేదెలా? మిల్లీగ్రాము చూపే ఆ త్రాసుకే 10 మైక్రోగ్రాములు కనిపించవు. ఎల్‌ఎస్‌డీ పేరుతో అమ్మిన అట్ట ముక్కల్లో ఎన్‌బోమ్ అనే వేరే రసాయనం ఉండి మనుషులు చనిపోయారు. పుట్టగొడుగులైతే ఒకదాంట్లో ఉన్నంత మందు ఇంకోదాంట్లో ఉండదు. వానలు పడగానే ములుగు అడవుల్లో పుట్టల మీద లేచేవి మనం వండుకు తినేవి, వాటిలో సైలోసైబిన్ లేదు. దానికోసం పేడకుప్పల మీద మొలిచేవి వెతుక్కుంటూ వెళ్తే కాలేయాన్ని కాల్చేసే విషపు రకం చేతికి రావచ్చు.

చట్టం సంగతీ చెప్పాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ రెండూ నిషిద్ధం. ఎల్‌ఎస్‌డీకి 'చిన్న పరిమాణం' హద్దు 2 మిల్లీగ్రాములు, మన ఆవగింజంత. ఆ లోపున్నా నేరమే, ఏడాది దాకా కఠిన జైలు పడవచ్చు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. దుకాణం మెట్లు దిగుతుంటే అన్నాడు: "మూడు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదత్తా. చదివింది గుర్తుండడం లేదు." వారం కిందట నన్ను అడగాలనుకున్నది ఇదేనని అప్పుడు అర్థమైంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416 చెప్పాను. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బస్టాండు దాకా నడుస్తూ రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో, ఎన్ని టీలు తాగుతున్నాడో అడుగుతూ వెళ్లాను.