బరువు లేని పురుగు ఏటి అవతలికి ఎలా పోతుంది?

ఆమదాలవలస నుంచి పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఈ ప్రశ్న పంపింది. హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదిలో ట్రౌట్ చేపలు పట్టే వీడియో ఒకటి ఫోన్‌లో చూసిందట. "మా నాన్న నాగావళిలో గాలం వేసేటప్పుడు దారానికి సీసం గుండు కడతారు. గుండు లేకపోతే దారం కాళ్ళ దగ్గరే పడిపోతుంది అంటారు. ఆ వీడియోలో అతను గుండు కట్టలేదు. ముల్లుకు ఈకలు మాత్రమే ఉన్నాయి. అయినా అది ఏటి అవతలి ఒడ్డు దాకా పోయింది. ఎలా అండీ?"

ఎంత మంచి ప్రశ్న! నాన్న చేతిలోని గుండును చూసి, వీడియోలో లేని గుండును పట్టుకుంది. ఉన్నదాన్ని చూడటం అందరూ చేస్తారు. ఉండాల్సింది లేదని గమనించడం చాలా కొద్దిమందికి వస్తుంది.

ఆ అమ్మాయి చూసింది ఫ్లై ఫిషింగ్. ముల్లు చుట్టూ కోడి ఈకలు, జంతువుల బొచ్చు, దారం చుట్టి ఒక ఉత్తుత్తి పురుగును కడతారు. దాన్నే ఫ్లై అంటారు. ఇది చాలా పాత విద్య. సుమారు 1800 ఏళ్ళ క్రితమే ఒక రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. వాళ్ళు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి, మచ్చల చేపల్ని పట్టేవాళ్ళట. చిన్న ఫ్లై గ్రాములో ఇరవయ్యో వంతు కూడా తూగదు. దాన్ని విడిగా చేత్తో విసిరితే బూరుగు దూది విసిరినట్టే ఉంటుంది. ఎంత బలంగా విసిరినా గాలి దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది.

ముందు మన నాగావళిలో విసురు వల ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకుందాం. వల అంచు చుట్టూ సీసం గుళ్ళు ఉంటాయి. జాలరి నడుము తిప్పి వదలగానే ఆ గుళ్ళు బయటికి పరుగెడతాయి, వెనకాల వలను లాక్కుపోతాయి. నాన్న గాలం కూడా అంతే. గుండు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈ వరస తలకిందులవుతుంది. అక్కడ బరువంతా దారంలోనే ఉంటుంది. దాన్ని లైను అంటారు. ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలు పేని చేసేవారు, తర్వాత పట్టుతో చేశారు, ఇప్పుడు నైలాన్ మీద ప్లాస్టిక్ పూత పూసి చేస్తున్నారు. ఎక్కువమంది వాడే ఐదో నంబరు లైనులో మొదటి 30 అడుగులు దాదాపు 9 గ్రాములు తూగుతాయి. అంటే నాన్న కట్టే గుండులాంటి బరువునే సన్నగా సాగదీసి తొమ్మిది మీటర్ల పొడవున పరిచారన్నమాట. విసిరేది లైనునే. పురుగు ఆ లైను చివర కూర్చుని ప్రయాణం చేస్తుంది.

సరే, పొడుగ్గా వేలాడే తాడును దూరంగా విసరడం ఎలా? దీని సమాధానం ఏటి రేవులోనే ఉంది. ఉతికిన చీరను ఆరేసే ముందు ఆడవాళ్ళు రెండు చేతులతో కొస పట్టుకుని ఒక్కసారి విదిలిస్తారు. చేతుల దగ్గర కదలిక జానెడు ఉంటుంది, అంతే. ఆ కదలిక ఒక మడతలా చీర పొడవునా పరుగెత్తుతుంది. అవతలి అంచుకు చేరేసరికి "ఛట్" మని శబ్దం వస్తుంది, నీటి చుక్కలు ఎగిరిపోతాయి. జానెడు కదలికకు అంత వేగం ఎక్కడిది? ఫ్లై ఫిషింగ్ రహస్యమంతా ఈ ఛట్‌లోనే ఉంది.

ఫ్లై లైను గాలిలో ముందుకు పోతున్నప్పుడు పక్క నుంచి చూస్తే పడుకోబెట్టిన యు ఆకారంలో ఉంటుంది. కింది పొరను రాడ్, అంటే పొడవాటి గాలం కర్ర, తన కొస దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి అది దాదాపు కదలదు. పై పొర ముందుకు దూసుకుపోతుంది. రెండింటినీ కలిపే మడత కూడా ముందుకు జరుగుతుంది, కానీ పై పొర వేగంలో సగం వేగంతోనే. రోడ్డు పనుల దగ్గర పొక్లెయిన్‌ను చూసే ఉంటారు. దాని ఇనుప పట్టాలో నేలకు ఆనిన భాగం కదలదు, పై భాగం బండి కంటే రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. లైనులోని మడత సరిగ్గా ఆ పట్టాలాంటిదే. పట్టాకు మాత్రం చివర ఉండదు, తిరుగుతూనే ఉంటుంది. లైనుకు చివర ఉంది. మడత జరుగుతున్నకొద్దీ పై పొరలోని తాడు కింది పొరలోకి చేరి నిలిచిపోతుంది. కదిలే తాడు తగ్గిపోతూ ఉంటుంది.

అసలు విషయం ఇక్కడుంది. మొదట తొమ్మిది గ్రాములూ కదులుతున్నాయి. కాసేపటికి నాలుగున్నర, ఆ తర్వాత రెండు, చివరికి ఒక్క గ్రాము. కానీ మొదట చెయ్యి ఇచ్చిన గతిశక్తి ఎక్కడికి పోవాలి? ఆగిపోయిన తాడు దగ్గర గతిశక్తి ఉండదు. గాలి సంగతి కాసేపు పక్కన పెడితే, ఆ శక్తి అంతా ఇంకా కదులుతున్న కాస్త తాడులోకే సర్దుకోవాలి. గతిశక్తి ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి సగం చేస్తే వస్తుంది. ద్రవ్యరాశి నాలుగో వంతుకు తగ్గితే వేగం రెట్టింపు కావాలి. తొమ్మిదో వంతుకు తగ్గితే మూడు రెట్లు కావాలి. లైను మొదట సెకనుకు 20 మీటర్ల వేగంతో బయలుదేరింది అనుకుందాం. శక్తి 1.8 జౌళ్ళు. చివర ఒక్క మీటరు తాడు, అంటే ఒక్క గ్రాము మిగిలేసరికి లెక్క ప్రకారం వేగం సెకనుకు 60 మీటర్లు. గంటకు 216 కిలోమీటర్లు!

ఆ వేగాన్ని పెంచే బలం ఎక్కడి నుంచి వచ్చింది? చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది కదా. దీని కోసం మనం మడతతో పాటు ప్రయాణం చేస్తున్నామని ఊహించుకోవాలి. అక్కడి నుంచి చూస్తే తాడు పైనుంచి ఒక వేగంతో వచ్చి, మలుపు తిరిగి, అదే వేగంతో కిందినుంచి వెనక్కి పోతుంది. ఆ వేగం పై పొర వేగంలో సగం. వేగంగా పోయే తాడును మలుపు తిప్పాలంటే తాడులో బిగువు ఉండాలి. మీటరు తాడు ద్రవ్యరాశిని ఆ సగం వేగం వర్గంతో గుణిస్తే బిగువు వస్తుంది. మన లెక్కలో మీటరుకు ఒక గ్రాము, సగం వేగం సెకనుకు 10 మీటర్లు, కాబట్టి బిగువు 0.1 న్యూటన్. ఇది పది గ్రాముల వస్తువును వేలాడదీసినంత లాగుడు. ఈ బిగువు పై పొరను ముందుకు లాగుతుంది, అందుకే దాని వేగం పెరుగుతుంది. అదే బిగువు కింది పొర ద్వారా రాడ్ కొసను కూడా ముందుకు లాగుతుంది. రాడ్ అక్కడ స్థిరంగా నిలబడి వెనక్కి పట్టుకోకపోతే ఈ ఆట సాగదు. చీర విదిలించేటప్పుడు కొసను గట్టిగా పట్టుకోకపోతే ఛట్ రాదు కదా, అదే కారణం.

క్లాసులో గతిశక్తి సూత్రాన్ని బోర్డు మీద రాసి, కారు బరువు ఇంత, వేగం ఇంత అని రెండు లెక్కలు చేయించి వదిలేస్తాం. ఒక తడి తువ్వాలు తెచ్చి పిల్లల చేత విదిలింపజేస్తే చాలు, ఆ సూత్రం జన్మలో మరిచిపోరు. టీచర్లు ఈ ఒక్క పని చేయాలని నా కోరిక.

ఎడ్లబండి చెర్నాకోలలోనూ ఇదే సంగతి. అది మొదట్లో లావుగా ఉండి చివరకు వచ్చేసరికి సన్నబడుతుంది కాబట్టి శక్తి ఇంకా తక్కువ ద్రవ్యరాశిలోకి కూరుకుపోతుంది. కొస వేగం ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు దాదాపు 340 మీటర్లను దాటిపోతుంది. మనం వినే చప్పుడు గాలి పగిలిన చప్పుడే, ఎద్దు వీపుకు తగిలింది కాదు. ఆ చప్పుడు తాడు వెంట పరుగెత్తే మడత నుంచే పుడుతుందని 2002లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన గణితజ్ఞులు ఇద్దరు లెక్కగట్టి చూపించారు.

ఫ్లై లైను మాత్రం అలా పేలకూడదు. పేలితే చివర కట్టిన పురుగు ఊడిపోతుంది. అక్కడ గాలి సాయం చేస్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు అవుతుంది. పై లెక్కలో గంటకు 216 కిలోమీటర్లు వచ్చింది కానీ నిజంగా గాలి ఆ మిగులు శక్తినంతా తినేస్తుంది. లైను చివర దాదాపు 9 అడుగుల సన్నని నైలాన్ దారం కడతారు, దాన్ని లీడర్ అంటారు. మడత లీడర్‌లోకి వచ్చేసరికి శక్తి అడుగంటుతుంది. లీడర్ తిన్నగా విచ్చుకుని, పురుగు గాలిలో ఒక్క క్షణం ఆగి, ఈక రాలినట్టు నీళ్ళ మీద వాలుతుంది.

ఈ మడతను పుట్టించేది రాడ్. విసరడంలో ముఖ్యమైన పని ఊపడం కాదు, ఆపడం. తొమ్మిది అడుగుల రాడ్‌ను వేగం పెంచుకుంటూ ముందుకు తెచ్చి టక్కున ఆపాలి. పిడి ఆగుతుంది, వంగిన కొస స్ప్రింగులా తెరుచుకుని ముందుకు దూకుతుంది, లైను కొసను దాటి పోతుంది, మడత పుడుతుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. కింద బండి కాస్త కదిలినా పైన యాభై అరవై అడుగుల మాను కొసన పూజారి కూర్చున్న ఆసనం ఎంత ఊగుతుందో! పొడవైన కర్రలో మొదలు దగ్గర చిన్న కదలిక, కొస దగ్గర పెద్ద కదలిక. అదే ఊరేగింపులో సిరిమాను ముందు బెస్తవారి వల కూడా నడుస్తుంది. అమ్మవారిని పెద్దచెరువులోంచి పైకి తెచ్చింది వాళ్ళే అని ఆ ఊరి నమ్మకం.

అంత మెత్తగా ఎందుకు వాలాలి, అంత దూరం ఎందుకు విసరాలి? చేప కళ్ళ వల్ల. నీళ్ళలోంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచం మొత్తం తల మీద ఒక గుండ్రటి కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం దాదాపు 97 డిగ్రీలు. దాని అవతల నీటి ఉపరితలం అద్దంలా ఏటి అడుగునే చూపిస్తుంది. 30 సెంటీమీటర్ల లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు 68 సెంటీమీటర్లు. లావుపాటి లైను ఆ కిటికీలో పడిందా, చేప పారిపోతుంది. అందుకే కిటికీలో సన్నని లీడర్, పురుగు మాత్రమే పడాలి. పది మీటర్ల దూరంలో నిలబడిన మనిషి నీటి మట్టం నుంచి పది డిగ్రీల ఎత్తు వరకే ఉంటాడు, కిటికీ అంచున నలిగిపోయి కనిపిస్తాడు. దగ్గరికి వస్తే నిలువెత్తునా కనబడతాడు.

గాలం వేసేటప్పుడు మాట్లాడితే చేప పోతుందని మన వైపు పెద్దలు కోప్పడతారు. ఇందులో నిజం తక్కువ. గాలిలోని ధ్వనిశక్తిలో వెయ్యో వంతు మాత్రమే నీటిలోకి దిగుతుంది. హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు. ఒడ్డున దబదబా నడవకూడదు, అది మాత్రం నిజం. నేల అదురు నీటికి చేరుతుంది, చేప ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ నీటిలోని అతి చిన్న కదలికను కూడా పట్టేస్తుంది. బయలుదేరేటప్పుడు ఎవరైనా "ఎక్కడికి?" అని అడిగితే చేపలు పడవంటారు. పాపం, అడిగినవాళ్ళను తిట్టుకోవద్దు. చేపకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

నాగావళిలో ట్రౌట్ ఎందుకు ఉండదని కూడా కొందరు అడుగుతారు. నీటి వేడి వల్ల. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీళ్ళు హాయి. 20 దాటితే టెన్షన్ మొదలవుతుంది, 25 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. పది డిగ్రీల నీటిలో లీటరుకు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.6 మాత్రమే. పైగా వేడి పెరిగితే చేప ఒంటికి ఆక్సిజన్ అవసరమూ పెరుగుతుంది. మన దేశంలో ఈ చేపలు పుట్టలేదు, బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలారు. కాశ్మీర్‌లో 1900 ప్రాంతంలో నిలదొక్కుకున్నాయి. నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో పిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. కలహండి కొండల్లో పుట్టి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలిసే మన ఏటికి అంత చలి ఎప్పుడూ రాదు.

అమ్మాయికి ఒక ప్రయోగం రాసి పంపాను. వరండా గచ్చు మీద నాలుగు మీటర్ల తాడును యు ఆకారంలో పరిచి, ఒక కొసను కాలితో తొక్కి పట్టి, రెండో కొసను ముందుకు లాగమన్నాను. నాలుగు అడుగులు లాగితే మడత రెండు అడుగులే జరిగిందని సుద్దముక్కతో గీతలు గీసి, ఫోటో తీసి పంపింది. కింద ఇంకో ప్రశ్న ఉంది. "అయితే మా నాన్న కూడా గుండు తీసేసి ఇలా విసరచ్చా?"

నాన్న దారంతో కుదరదమ్మా. పావు మిల్లీమీటరు మందం ఉన్న నైలాన్ దారం తొమ్మిది మీటర్లు తూచినా అర గ్రామే ఉంటుంది. ఫ్లై లైనులో పద్దెనిమిదో వంతు. అందులో శక్తి దాచడానికి చోటు లేదు, గాలి అడ్డు మాత్రం బోలెడు. బరువు గుండులోనైనా ఉండాలి, తాడులోనైనా ఉండాలి. నాన్న తాడు సన్నం, కాబట్టి గుండు ఉండనీ.